దేవుడు, మనసు, మాత్రలు: ఆరాధన అయ్యాక పక్కకి పిలిచి అడిగే ప్రశ్నలు

అందరికీ వందనాలు. నేను థియాలజీ చదివాను, ఆ తర్వాత సైకాలజీలో ఎమ్మే చేశాను, ఇప్పుడు సికింద్రాబాద్ వైపు ఒక సంఘంలో సండేస్కూల్ పిల్లలకి క్లాస్ చెప్తుంటాను. ఆరాధన అయిపోయి అందరూ బయట చెప్పులు వెతుక్కుంటుంటే ఎవరో ఒకరు "అక్కా, ఒక్క నిమిషం" అని పక్కకి పిలుస్తారు, ఆ ఒక్క నిమిషం గంట అవుతుంది, ఇంట్లో కూర మాడుతుంది. ఎక్కువసార్లు అడిగినవి ఇక్కడ రాసి పెడుతున్నా, ఎందుకంటే వాట్సాప్‌లో ఇదే సంగతి వాయిస్ మెసేజులు పెట్టి పెట్టి గొంతు పోతోంది. నేను డాక్టర్ని కాదు. ఏ మాత్ర మంచిదని మాత్రం నన్ను అడగకండి.

సైకాలజీ అంటే దేవుడు లేడనేవాళ్ళు పెట్టిన చదువే కదా, విశ్వాసికి దాంతో పనేంటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ మనసులో ఉండేది సైకోఎనాలిసిస్, అంటే మాట్లాడించి మనసు లోతుల్ని వెతికే పద్ధతి, మొదలెట్టిన ఫ్రాయిడ్ ఒక్కడే. నిజమే, మతం మనిషి కోరికల్లోంచి పుట్టిన భ్రమ అని ఆయన 1927లో ఒక పుస్తకమే రాశాడు. కానీ అదే ఫ్రాయిడ్‌కి ఏళ్ళ తరబడి స్నేహితుడు ఆస్కార్ ఫిస్టర్ అని ఒకాయన, జ్యూరిచ్‌లో పాస్టర్, ఫ్రాయిడ్ పద్ధతి నేర్చుకుని తన సంఘస్థుల మీదే వాడినవాడు. ఫ్రాయిడ్ పుస్తకానికి మరుసటి ఏడాదే జవాబు రాసి అచ్చేయించాడు కూడా. అయినా ఇద్దరి స్నేహం చెడలేదు, ఉత్తరాలు ఆగలేదు. మన దగ్గర వాట్సాప్ గ్రూపులో ఒక్క వాక్యం మీద తేడా వస్తే లెఫ్ట్ అయిపోతాం.

ఫ్రాయిడ్‌తో కొన్నాళ్ళు కలిసి పనిచేసిన యుంగ్ తండ్రి పాస్టర్. కార్ల్ రోజర్స్, అదే ఇవాళ కౌన్సెలింగ్ క్లాసుల్లో మొదటి రోజు చెప్పే పేరు, ముందు పాస్టర్ అవుదామని న్యూయార్క్‌లో సెమినరీలో చేరి రెండేళ్ళకి దారి మార్చుకున్నాడు. ఇంగ్లండ్‌లో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టేసే రోజుల్లో, 1796లో యార్క్ ఊళ్ళో విలియం ట్యూక్ అని ఒక టీ వ్యాపారి, క్వేకర్లనే క్రైస్తవ శాఖ విశ్వాసి, గొలుసులు లేని ఒక ఇల్లు పెట్టి రోగుల్ని మనుషుల్లా చూడడం మొదలెట్టాడు.

ఇంకా వెనక్కి వెళ్తే నాలుగో శతాబ్దం, ఈజిప్టు ఎడారి. ఎవాగ్రియస్ అనే సన్యాసి మనిషిని పట్టి పీడించే ఆలోచనల్ని ఎనిమిది రకాలుగా విడదీసి రాశాడు. అందులో ఒకటి మిట్టమధ్యాహ్నం వచ్చే నీరసం. సూర్యుడు అసలు కదలడం లేదనిపిస్తుందట, గదిలోంచి మాటిమాటికీ బయటికి తొంగి చూస్తాడట ఎవరైనా సోదరుడు వస్తాడేమో అని, తర్వాత ఆ గది మీదా చేస్తున్న పని మీదా అసహ్యం పుడుతుందట, ఇక్కడ నన్ను ప్రేమించేవాళ్ళెవరూ లేరని అనిపిస్తుందట. మాదాపూర్‌లో పనిచేసే మా సంఘం పిల్లలకి ఇది చదివి వినిపిస్తే "అక్కా, ఇది మా మూడింటి టైమ్" అన్నారు. మనసుని గమనించడం మనవాళ్ళు ఫ్రాయిడ్ దగ్గర నేర్చుకోలేదు, మధ్యలో ఎక్కడో మర్చిపోయారు అంతే.

బైబిల్‌లో డిప్రెషన్ ఉందా?

ఆ మాట లేదు. రెండు మూడు వేల ఏళ్ళ కింద మనుషులకి ఇవాళ మనం డయాగ్నోసిస్ పెట్టడం కూడా నాకు ఇష్టం ఉండదు. కానీ ఏలీయా సంగతి చూడండి, 1 రాజులు 19. కర్మెలు కొండ మీద అగ్ని దింపించిన ప్రవక్త, అంత పెద్ద విజయం అయిన వెంటనే యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురుకి పారిపోయి, దాసుణ్ణి కూడా దారిలో వదిలేసి, ఒంటరిగా ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు.

దానికి దేవుడు చేసిన పని చూడండి. ప్రసంగం చెయ్యలేదు. "నీకు విశ్వాసం తగ్గింది" అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక బుడ్డి నీళ్ళు. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి "తిను, నీ ప్రయాణం చాలా దూరం" అన్నాడు. ఆ తర్వాత 40 రోజులు నడిచాకే హోరేబు కొండ, అక్కడే మాటలు మొదలయ్యాయి. అంటే నిద్ర, అన్నం ముందు, థియాలజీ తర్వాత. మన ఇళ్ళలో వరస తిరగబడుతుంది, రాత్రుళ్ళు నిద్ర లేని పిల్లని ఆల్ నైట్ ప్రేయర్‌కి తీసుకెళ్తాం.

కీర్తన 88 కూడా ఒకసారి చదవండి. మిగతా విలాప కీర్తనలు దాదాపు అన్నీ చివర్లో ఎక్కడో ఒక స్తుతి దగ్గరికి వస్తాయి, ఇది రాదు, చీకట్లోనే ఆగిపోతుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. నేను ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం కూడా దాని మీద ప్రసంగం వినలేదు, వినుంటే కొందరైనా ఇంకొంచెం ముందే నోరు విప్పేవాళ్ళేమో.

"దేనిని గూర్చియు చింతపడకుడి" అని స్పష్టంగా ఉంది కదా, మరి ఆంగ్జైటీ పాపం కాదా?

ఫిలిప్పీయులకు 4:6, పౌలు రాసిన మాట, ఫ్రిజ్ మీద స్టిక్కరు, కారు అద్దం మీద స్టిక్కరు. ఇదే పౌలు 2 కొరింథీయులు 11లో తన కష్టాలన్నీ చెప్పుకుంటూ, దెబ్బలు, ఓడ పగిలిపోవడం, ఆకలి, చివరికి "సంఘములన్నిటిని గూర్చిన చింతయు కలదు" అన్నాడు, అది కూడా ప్రతి రోజూ ఉండే భారమని. తెలుగులోనే కాదు, గ్రీకులో కూడా రెండు చోట్లా ఒకే మూలం నుంచి వచ్చిన మాట. చింతపడకండి అన్న మనిషికే చింత ఉంది. అంటే ఆ వాక్యం చెరసాల్లో ఉన్న ఒక మనిషి తన స్నేహితులకి ధైర్యం చెప్తూ రాసిన మాట, పోలీసు చలానా కాదు.

ఇంకోటి, గుండె దడ, చేతులు చెమట పట్టడం, ఊపిరి ఆడనట్టు అవడం, ఇవి శరీరం చేసే పనులు. అమీర్‌పేట మెట్రోలో పానిక్ అటాక్ వచ్చిన పిల్లని అది నీ అవిశ్వాసం అంటే, గోరుచుట్టు మీద రోకటి పోటు. తనకి అప్పటికే భయం ఉంది, ఇప్పుడు భయపడినందుకు ఇంకో భయం.

మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా అక్కా?

ఇది అడిగినావిడ చేతిలో జిప్పు కవరు బైబిల్ ఉంది. వాక్యం చూపిస్తుందేమో అనుకున్నా. జిప్పు తీస్తే లోపల వాగ్దానం కార్డులు, కానుక కవరు, వాటి వెనకాల సగం వాడిన మాత్రల పట్టీ, రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. ఇంట్లో అత్తగారు చూడకూడదని అక్కడ దాస్తోంది. ఎందుకంటే ఆ ఇంట్లో బైబిల్ ఎవరూ తెరిచి చూడరట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అదే అత్తగారు షుగర్ మాత్ర పొద్దునా సాయంత్రం వేసుకుంటారు, డబ్బా టీవీ పక్కనే ఉంటుంది. లూకాని పౌలు "ప్రియుడైన వైద్యుడు" అన్నాడు. తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు, ఇంకా బాగా ప్రార్థన చెయ్యమని రాయలేదు. మెదడు కూడా ఒంట్లో భాగమే అని ఒప్పుకుంటే ఈ ప్రశ్న సగం పోతుంది.

మిగతా సగం ఏంటంటే మందు పనిచేసే తీరు తెలియకపోవడం. డిప్రెషన్‌కి మామూలుగా ఇచ్చే మందులు వేసుకున్న రోజే పనిచెయ్యవు, రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు కూడా పడుతుంది, మొదట్లో వికారం, నిద్ర తేడా లాంటివి ఉండొచ్చు. మనవాళ్ళు వారం చూసి "ఏం లాభం లేదు" అని ఆపేస్తారు, లేదా బాగయ్యాక స్వస్థత వచ్చిందని సాక్ష్యం చెప్పి ఒక్కసారిగా ఆపేస్తారు, రెండోదే ఎక్కువ ప్రమాదం. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, జబ్బు తిరగబెట్టడం, అన్నీ ఉంటాయి. తగ్గించాలనుకుంటే రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్ళి మెల్లగా తగ్గించుకోవాలి. ఉపవాస ప్రార్థన రోజుల్లో కూడా మాత్ర మానొద్దు, లిథియం వేసుకునేవాళ్ళైతే నీళ్ళు తాగకుండా ఉండే ఉపవాసం అసలు చెయ్యొద్దు, ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోతుంది, ముందు డాక్టర్‌ని అడగండి.

నా తప్పు కూడా చెప్పాలి. సైకాలజీ చదవకముందు, ఒక సిస్టర్ కాన్పయిన రెండు నెలలకి నా దగ్గరికొచ్చి "పాపని చూస్తే ఏమీ అనిపించట్లేదు అక్కా" అంది. నేను కీర్తన 127 తీసి పిల్లలు దేవుడిచ్చే స్వాస్థ్యం అని చదివి వినిపించి, చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి పంపించా. ఆమె థ్యాంక్స్ కూడా చెప్పింది. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని నాకు తట్టలేదు, ఆమె నాలుగు నెలలు అట్లాగే లాక్కొచ్చింది, చివరికి వాళ్ళ చెల్లెలు తీసుకెళ్ళింది డాక్టర్ దగ్గరికి. ఇప్పుడు బాగుంది, ఆ పాప నా క్లాసులోనే ఉంది. ఆ కీర్తన వచ్చినప్పుడల్లా నేను తల దించుకుంటా.

ఆత్మ, ప్రాణం, శరీరం అంటారు, మనసు అందులో ఎక్కడ?

థియాలజీ స్టూడెంట్లు దీని మీద పరీక్షలో ఆరు పేజీలు రాస్తారు, నేను తగ్గించి చెప్తా. సైకాలజీ అన్న పేరులో ఉన్న సైకీ గ్రీకు మాట, కొత్త నిబంధనలో బోలెడుసార్లు ఉంది. మన తెలుగు బైబిల్‌లో అది ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది, గెత్సేమనే తోటలో యేసు "నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది" అన్నచోట ప్రాణం, 1 థెస్సలొనీకయులు 5:23లో "ఆత్మయు జీవమును శరీరమును" అన్నచోట జీవం. మనిషి మూడు ముక్కలా రెండు ముక్కలా అని పాత గొడవ ఉంది. కానీ ఆ వాక్యాన్ని పట్టుకుని ఆత్మ పాస్టర్‌కి, శరీరం డాక్టర్‌కి, మధ్యలోది సైకాలజిస్టుకి అని స్థలం పంచినట్టు పంచడం మాత్రం పౌలు ఉద్దేశం కాదు, "సంపూర్ణముగా" కాపాడబడాలి అన్నదే అక్కడ మాట.

నాకు దీనికంటే బాగా నచ్చే సంగతి ఒకటుంది. నాలుగో శతాబ్దంలో అపొల్లినారిస్ అనే బిషప్, యేసుకి మనిషి శరీరం ఉంది కానీ మనిషి మనసు లేదు, ఆ స్థానంలో దైవ వాక్యమే ఉందని చెప్పాడు. వినడానికి భక్తిగానే ఉంది కదా. సంఘం ఒప్పుకోలేదు, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ బోధని తప్పని తేల్చింది. నజియాంజస్ గ్రెగొరీ చెప్పిన కారణం ఏంటంటే, క్రీస్తు దేన్ని తన మీద వేసుకోలేదో అది బాగుపడదు. మనిషి మనసు తీసుకోకపోతే మనిషి మనసుకి రక్షణే లేదు. ఆయనకి మనలాంటి మనసే ఉంది, అది బెంగపడింది, తోటలో శిష్యుల్ని తోడుగా మేలుకుని ఉండమని బతిమాలింది. "దేవుడికి ఆత్మ చాలు, మనసు గోల మనకెందుకు" అనే మన మాట ఆ పాత తప్పుకి దగ్గర చుట్టం.

మా తమ్ముడికి గొంతులు వినిపిస్తున్నాయి. దయ్యమా, జబ్బా? ఎలా తెలుస్తుంది?

మీకూ నాకూ తెలియదు, అందుకే ముందు డాక్టర్‌కి చూపించండి. ప్రార్థన ఆపమని నేను అనట్లేదు, ప్రార్థన చేస్తూనే ఆటో ఎక్కండి. గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, రోజుల తరబడి నిద్ర లేకపోవడం, ఇవి స్కిజోఫ్రేనియా, బైపోలార్ లాంటి జబ్బుల్లో ఉంటాయి, మందులకి చాలామందిలో తగ్గుతాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. కొండ మీద ప్రార్థన, ఇంకో దైవజనుడి దగ్గర నూనె, ఇంకో ఊళ్ళో మూడు రోజుల కూడిక, ఇలా ఏడాది పోతుంది.

బైబిల్ కూడా అన్నిటినీ ఒకే గంపలో వెయ్యలేదు. మత్తయి 4:24లో దయ్యం పట్టినవాళ్ళు వేరు, చాంద్రరోగులు (అంటే మూర్ఛ ఉన్నవాళ్ళు) వేరు, పక్షవాతం వేరు అని వరసగా చెప్తాడు. మార్కు 5లో సమాధుల్లో తిరిగే మనిషిని ఊరివాళ్ళు గొలుసులతో కట్టారు. యేసు దగ్గర ఆ కథ ఎక్కడ ఆగింది? బట్టలు కట్టుకుని, స్వస్థచిత్తుడై కూర్చున్నాడు, తర్వాత "నీ ఇంటికి నీవారి దగ్గరికి వెళ్ళు" అని పంపించేశాడు. గొలుసు వేసింది ఊరు, యేసు కాదు. ఇవాళ్టి చట్టం, 2017లో వచ్చిన మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ కూడా అదే అంటుంది, మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసులతో కట్టకూడదు. దయ్యం వదిలిస్తామని కొట్టడం, పస్తులు పెట్టడం, కళ్ళల్లో ఏదో పొయ్యడం చేసే చోట ఒక్క నిమిషం కూడా ఉండకండి, అక్కడ ఎంత పెద్ద పేరున్నవాళ్ళున్నా సరే.

మన హైదరాబాద్‌లో "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అని జోకు వేస్తాం కదా, ఆ జోకు వల్లే సగం మంది అక్కడి మానసిక వైద్యశాల గేటు దాకా వెళ్ళి తిరిగొస్తారు. సంఘంలో యూత్ వాళ్ళు కూడా ఇదే జోకు. దయచేసి మానండి.

నేను పరిశుద్ధాత్మను దూషించానేమో, నాకు క్షమాపణ లేదేమో. చనిపోయేదాకా ఇంతేనా?

దీనికి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే అడిగేవాళ్ళు బయటికి చెప్పరు, రాత్రి ఒంటిగంటకి మెసేజ్ పెడతారు, పెట్టి డిలీట్ చేస్తారు.

ఒక అబ్బాయి, ఇంజినీరింగ్ సెకండ్ ఇయర్. వాక్యం చదువుతుంటే మధ్యలో దేవుడి మీద ఒక బూతు మాట మనసులోకి దూరుతుంది. తను అనుకున్నది కాదు, అదే వస్తుంది. వెంటనే "సారీ ప్రభువా" అని ఏడుసార్లు అనాలి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క పోతుంది, మళ్ళీ మొదటి నుంచి. కాలేజీ బస్సులో పక్కవాడు మాట్లాడిస్తున్నాడని ముందు సీటుకి మారాడు, తర్వాత బస్సే మానేశాడు. మార్కు 3:29 చదివాక ఇంక నా పని అయిపోయింది అని తేల్చేసుకున్నాడు.

ముందు వాక్యం సంగతి. అక్కడ శాస్త్రులు కళ్ళముందు జరిగిన మేలుని చూసి, తెలిసి తెలిసీ, ఇది దయ్యాల అధిపతి పని అన్నారు. ఆ తర్వాతి వచనంలోనే, వాళ్ళు అలా అన్నారు కాబట్టే ఆయన ఈ మాట చెప్పాడని మార్కు రాశాడు. భయంతో నిద్ర పోగొట్టుకుంటున్నవాడు ఆ శాస్త్రుల్లాంటివాడు కాదు, పూర్తిగా ఎదురు.

ఇప్పుడు మనసు సంగతి. ఇలా వద్దన్నా దూరే ఆలోచనలు అందరికీ వస్తాయి, మెదడు చేసే రొద అది. చాలామంది "ఛీ" అనుకుని వదిలేస్తారు. ఓసీడీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనలూ వాటిని పోగొట్టడానికి చేసే తంతులూ వదలని జబ్బు, ఉన్నవాళ్ళకి అది అతుక్కుంటుంది, భక్తి ఉన్నవాడికి భక్తి మీదే, చంటిబిడ్డ తల్లికి బిడ్డ మీదే, అంటే మనిషికి ఏది ప్రాణమో అక్కడే వచ్చి కూర్చుంటుంది. ఏడుసార్లు సారీ చెప్తే కాసేపు హాయి, ఆ హాయే ఉచ్చు. మెదడు నేర్చుకుంటుంది, ఓహో ఇది నిజంగానే ప్రమాదం, అందుకే ఇతను ఇంత చేస్తున్నాడు అని.

లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకుని, బయటికొచ్చాక ఏదో మర్చిపోయానని మళ్ళీ వెళ్ళేవాడు, వినే గురువు స్టౌపిట్జ్‌కి విసుగొచ్చేది. జాన్ బన్యన్‌కి "క్రీస్తుని అమ్మెయ్, అమ్మెయ్" అని లోపల నెలల తరబడి మోగేది, తన జీవిత కథలో తనే రాసుకున్నాడు, 1666లో. లొయోలా ఇగ్నేషియస్‌కి కూడా ఈ బాధ పట్టింది, ఒప్పుకున్న పాపాలే మళ్ళీ మళ్ళీ ఒప్పుకునేవాడు, తర్వాత దాని గురించి శిష్యులకి ప్రత్యేకంగా సూచనలు కూడా రాసిపెట్టాడు. ఈ ముగ్గురికీ అప్పుడు ఓసీడీ అన్న పేరు తెలియదు, ఇవాళ పేరుంది, వైద్యం ఉంది. ఆలోచనని రానిచ్చి, సారీ చెప్పకుండా, ఆ భయం దానంతటదే దిగేదాకా కూర్చోవడం నేర్పించే థెరపీ ఉంది, మందులు కూడా బాగా పనిచేస్తాయి.

ఇక్కడ నేను నేర్చుకున్నది ఒకటి. ఆ అబ్బాయి అడిగిన ప్రతిసారీ "లేదు నాన్నా, నువ్వు దూషించలేదు" అని ఓపిగ్గా చెప్తూ వచ్చా, పదకొండుసార్లో పన్నెండుసార్లో. మంచి పని చేస్తున్నా అనుకున్నా. తర్వాత థెరపిస్టు దగ్గరికి వెళ్తే, నా ఓదార్పు కూడా ఆ ఏడు సారీల్లాగే ఒక తంతు అయిపోయిందని తేలింది. ఇప్పుడు తను అడిగితే నేను "దీనికి జవాబు నీకు ముందే ఇచ్చా, ఇంక ఇవ్వను, టీ తాగుదామా" అంటా. మొదటిసారి అన్నప్పుడు నాకే చాలా కఠినంగా అనిపించింది.

కొట్టే భర్తని కూడా క్షమించాలా?

క్షమించడం వేరు, మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళడం వేరు. దెబ్బలు తింటూ కూర్చోమని ఎఫెసీయులకు 5లో లేదు, అదే అధ్యాయంలో భర్తకి చెప్పింది భార్యకి చెప్పినదానికంటే పెద్దది, మన పెళ్ళి ప్రసంగాల్లో అది కొంచెం తొందరగా చదివేస్తారు. ముందు ప్రాణం, పిల్లలు, ఉండడానికి చోటు, మహిళల హెల్ప్‌లైన్ 181. క్షమాపణ గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

క్షమాపణని సైకాలజీలో ఏళ్ళ తరబడి పరిశోధించిన ఎవరెట్ వర్దింగ్టన్ అనే క్రైస్తవ ప్రొఫెసర్ ఉన్నాడు, 1996 కొత్త సంవత్సరం వేళ ఆయన తల్లిని ఇంట్లో దొంగతనానికి వచ్చినవాళ్ళు చంపేశారు. తను క్లాసులో చెప్పినవన్నీ అప్పుడు తన మీద ప్రయోగించుకోవాల్సి వచ్చింది. ఆయన చెప్పేది కూడా ఇదే, క్షమించడమంటే మర్చిపోవడం కాదు, తప్పు కాదనడం కాదు, సంబంధం తిరిగి కలుపుకోవడం తప్పనిసరి కాదు. పెద్దమనుషులు రాజీ కుదిర్చి "క్షమించేసింది" అని చప్పట్లు కొట్టడం క్షమాపణ కాదు, పంచాయితీ.

బిబ్లికల్ కౌన్సెలింగ్, క్రిస్టియన్ కౌన్సెలింగ్, రెండూ ఒకటేనా?

కాదు. అమెరికాలో జే ఆడమ్స్ అనే ఆయన 1970లో ఒక పుస్తకం రాసి, పాస్టర్‌కి బైబిల్ చాలు, సైకాలజీ అక్కర్లేదు అని గట్టిగా వాదించాడు, ఆ దారిలో వచ్చింది మొదటిది. తర్వాతివాళ్ళు కొంచెం మెత్తబడ్డారు. రెండోవైపు, సృష్టిలో ఎక్కడ దొరికిన నిజమైనా దేవుడిదే కాబట్టి రెండూ కలిపి వాడదాం అనేవాళ్ళు, ఫుల్లర్ సెమినరీలో 1965లోనే సైకాలజీకి వేరే స్కూలు పెట్టారు. నా మొగ్గు రెండోవైపే. కానీ ఆడమ్స్ అడిగిన ఒక ప్రశ్న మాత్రం నాకు ఇప్పటికీ ముల్లులా ఉంది, అన్నిటికీ జబ్బు అని పేరు పెడితే తప్పు చేసిన మనిషి బాధ్యత ఎక్కడికి పోతుంది అని. ఉదాహరణకి ఆ కొట్టే భర్త కూడా "నాకు కోపం జబ్బు సిస్టర్" అంటాడు.

కౌన్సెలర్ క్రిస్టియనే అవ్వాలా?

అక్కర్లేదు. పన్ను పీకే డాక్టర్ బాప్తిస్మం తీసుకున్నాడో లేదో అడగరు కదా. క్వాలిఫికేషన్ అడగండి, క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది. మీ విశ్వాసాన్ని వెక్కిరిస్తే మాత్రం మార్చెయ్యండి. రెండు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టిన విశ్వాసి కంటే సరిగా చదువుకున్న అవిశ్వాసి మేలు, నా మాట కొందరికి నచ్చదు, తెలుసు.

పాస్టర్ గారికి చెప్తే ప్రేయర్ రిక్వెస్ట్ అని గ్రూపులో పెట్టేస్తారేమో?

ఆ భయం న్యాయమైనదే. కాథలిక్కుల్లో పాపసంకీర్తనం విన్న ఫాదర్ దాన్ని బయటపెడితే సంఘం నుంచే వెలి, అంత కఠినమైన నియమం. మన స్వతంత్ర సంఘాల్లో అలాంటిది రాసి పెట్టింది లేదు, "ఫలానా సిస్టర్ మానసికంగా బలహీనంగా ఉంది, ప్రార్థించండి" అని మెసేజ్ వస్తుంది, కింద నలభై చేతులు జోడించిన బొమ్మలు. చెప్పేముందే అడగండి, అయ్యగారూ ఇది మీ దగ్గరే ఉంటుందా, అమ్మగారికి (పాస్టర్ గారి భార్యకి) కూడా చెప్పరు కదా అని. నీళ్ళు నమిలితే వాతావరణం గురించి మాట్లాడి వచ్చెయ్యండి.

పాస్టర్లకి కూడా ఇలాంటివి వస్తాయా?

స్పర్జన్ పేరు మన పాస్టర్లందరూ చెప్తారు. 1856 అక్టోబర్‌లో, ఆయనకి 22 ఏళ్ళు, లండన్‌లో ఒక మ్యూజిక్ హాల్లో వేలమందికి ప్రసంగిస్తుంటే ఎవరో "మంటలు" అని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. మంటలే లేవు. ఆయన మంచం పట్టాడు, కొన్నాళ్ళు బైబిల్ చూస్తేనే ఏడుపు వచ్చేదట. ఆ కుంగుబాటు జీవితమంతా వస్తూ పోతూనే ఉంది, దాని గురించి తన స్టూడెంట్లకి ఒక పాఠమే చెప్పాడు. ఆయన ప్రసంగాలు కాపీ కొట్టేవాళ్ళు ఆ పాఠం మాత్రం వదిలేస్తారు. పాస్టర్ల కంటే నాకు పాస్టర్ అమ్మగార్ల సంగతి ఎక్కువ బెంగ. అందరూ వచ్చి ఆమెకి చెప్పుకుంటారు, ఆమె ఎవరికి చెప్పుకోవాలి?

ధ్యానం, మైండ్‌ఫుల్‌నెస్ చెయ్యొచ్చా?

ఊపిరి గమనించడంలో ఏ దేవుడి పేరూ లేదు. మనసు ఒప్పకపోతే ఒక చిన్న కీర్తన మాట పట్టుకుని నిదానంగా ఊపిరి తీస్తూ చెప్పుకోండి, ఎడారి సన్యాసులు చేసిందీ అలాంటిదే.

ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు తప్పకుండా నరకానికేనా?

మా అన్న అలా పోయాడు అని అడిగేవాళ్ళకి ముందు చెప్తున్నా, అంత్యక్రియల దగ్గర ఎవరేమన్నా అది తీర్పు కాదు, తీర్పు చెప్పే అధికారం వాళ్ళకి లేదు. బైబిల్ అలాంటి మరణాలు కొన్ని చెప్తుంది, ఇది క్షమాపణ లేని పాపం అని ఎక్కడా చెప్పదు. సంఘ చరిత్రలో చాలా కాలం కఠినంగానే ఉన్నారు, సమాధికి చోటు కూడా ఇవ్వలేదు. కానీ 1992లో వచ్చిన కాథలిక్ సంఘ బోధ గ్రంథం కూడా, తీవ్రమైన మానసిక బాధ మనిషి బాధ్యతని తగ్గిస్తుందని, అలా పోయినవాళ్ళ రక్షణ గురించి నిరాశ పడొద్దని, దేవుడికి మాత్రమే తెలిసిన దారులు ఉన్నాయని చెప్తుంది. 2017 చట్టం ప్రకారం ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, కేసు పెట్టి వేధించకూడదు.

ఇప్పుడు మీకే అలాంటి ఆలోచన వస్తుంటే ఈ పేజీ పక్కన పెట్టి 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, ఫ్రీ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఒంటరిగా ఉండకండి, ఎవరినైనా ఇంటికి పిలవండి, ఎంత రాత్రైనా. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడుతుంటే సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు, ఇన్నాళ్ళకి ఎవరో అడిగారని ఊపిరి పీల్చుకుంటారు.

సరే, ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు ఎంత?

ప్రైవేటులో ఒక్కోచోట ఒక్కో రేటు, ముందే ఫోన్ చేసి అడగండి, మొహమాటం వద్దు. ప్రభుత్వంలో అయితే ఉస్మానియా, గాంధీ రెండు చోట్లా సైకియాట్రీ ఓపీ ఉంది, ఎర్రగడ్డలో మానసిక వైద్యశాల ఉంది, ఎర్రగడ్డ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, మియాపూర్ ఎల్బీనగర్ లైన్. పొద్దున్నే వెళ్ళండి. ఆధార్, పాత చీటీలు, ఇప్పటిదాకా వేసుకున్న మాత్రల పట్టీలు అన్నీ తీసుకెళ్ళండి, ఖాళీవైనా సరే, వాటి మీద పేరు ఉంటుంది. డాక్టర్ ముందు అన్నీ మర్చిపోతాం కాబట్టి ఎన్నాళ్ళ నుంచి, నిద్ర ఎన్ని గంటలు, తిండి ఎలా ఉంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకోండి. జిప్పు కవరు సిస్టర్ వాగ్దానం కార్డు వెనకాల రాసుకెళ్ళింది. డాక్టర్ గారు మొదట వెనకాల రాసింది చదివి, తర్వాత తిప్పి ముందువైపు కూడా చదివారట.